ఇరవై రెండు టిక్కులు

రెండు వందలా? ఎవరు చెప్పారు నీకు రెండు వందలని? అంకుల్ డైరీలో ఉందా. అచ్ఛా. కూర్చో భరద్వాజ్, ఆ తుపాకీ స్కోపు డబ్బా బల్ల మీద పెట్టు, చెప్పులు ఉండనీ, పర్లేదు. స్కోపు తీసుకెళ్ళమని నేనే అన్నాను, నిజమే. మా ఆయన పోయి పన్నెండేళ్ళయింది, అల్మారాలో పడుంటే ఎవరికి లాభం. రైఫిలు అప్పుడే పోలీసు స్టేషన్లో అప్పజెప్పేశాం. డైరీ కూడా ఇచ్చాను, అంతా ఇంగ్లీషు, నేను చదివింది ఐదో తరగతి, నాకెందుకది. కానీ అందులో ఉంది కదా అని మీ మామయ్య మొక్కజొన్న చేలో పందులకి నువ్వు కూడా రెండు వందల గజాలకి జీరో చేస్తానంటే నేను ఊరుకోను. ఇన్నేళ్ళూ ఊరుకున్నాను, చాలు.

మీ అంకుల్ మంచివారే. మొండి, అంతే. గీజరు అరవై మీద పెట్టారంటే అరవై. మే నెలలో కూడా అరవయ్యే. ఢిల్లీలో మే నెలలో మామూలు కుళాయి విప్పితేనే కాళ్ళు కాలతాయి, ఈయన గీజరు వేసుకుని, బకెట్టు ముందు కూర్చుని, నీళ్ళు చల్లారేదాకా పేపరు చదివేవారు. తగ్గించండి అంటే, ఒకసారి పెట్టిన లెక్క మార్చకూడదు సుభద్రా అనేవారు. ఈ రెండు వందలు కూడా అలాంటిదే. ఆఫీసులో చిట్టిబాబు గారని ఉండేవారు, ఈయనతోపాటే తుపాకీ లైసెన్సు తీసుకున్నారు. ఆయనే ఈయన చెవిలో ఊదారు, "వందకి జీరో చేసేది గురి కాగితాలు కొట్టేవాడు గురూ, వేటగాడైతే రెండు వందలు," అని. చిట్టిబాబు గారు జన్మలో ఒక పిట్టని కూడా కొట్టలేదు. అయినా ఈయనకి అది వేదమైపోయింది.

నవ్వకు. జీరో అంటే ఏముంది, స్కోపులో ఆ రెండు గీతలు కలిసే చోట ఏది కనిపిస్తే తూటా అక్కడే తగలాలి. అది నువ్వు ఎంచుకున్న దూరంలోనే సరిగ్గా కుదురుతుంది. తూటా లేచి దిగుతుంది కదా, బంతి విసిరినట్టు. రెండు వందలకి బిగిస్తే దారిలో వంద దగ్గర పైన ఉంటుంది. నాకెలా తెలుసంటే, రేంజికి, అదే తుపాకీ ప్రాక్టీసు చేసే చోటికి, తీసుకెళ్ళేవారు నన్ను. ఆయనకి షుగరు కదా, టైముకి పెట్టాలి, టిఫిను డబ్బా పట్టుకుని నేను తయారు. ఒకరోజు ఊరికే వంద గజాల కాగితం మీద మూడు కొట్టారు. కాగితం నా చేతికిచ్చారు మడత పెట్టమని. జాకెట్ల కొలతలు తీసే టేపు నా సంచీలోనే ఉంటుంది ఎప్పుడూ. కొలిచాను. మధ్య చుక్కకి ఐదున్నర అంగుళాలు పైన, మూడూ ఒకే చోట. ఏమండీ, పైకి పోతున్నాయి అన్నాను. తెలుసు, దగ్గరగా ఉంటే కాస్త కింద గురి పెడితే సరిపోతుంది, నువ్వు నీ జాకెట్లు కొలుచుకో అన్నారు. పక్కన నలుగురు నవ్వారు. నేను కాగితం మడిచి సంచీలో పెట్టేశాను.

ఆ చలికాలమే ఢిల్లీ దాటాక సోహ్నా అవతల ఒక ఊరినుంచి పిలిచారు. రామ్‌ఫల్ అని రైతు. అడవి పంది అతని భార్య తొడ చీల్చేసింది, శనగ చేలో. పద్దెనిమిది కుట్లు. ఆ పిల్ల మంచం మీద పడుకుని నాతో, దీదీ, అది ఇంకా అక్కడే తిరుగుతోంది, రేపు నేను లేచాక మళ్ళీ ఆ చేలోకే పోవాలి కదా అంది. అటవీ శాఖ వాళ్ళు దాన్ని కొట్టడానికి అనుమతి కాగితం మూడు రోజుల వరకే ఇచ్చారు. మొదటి సాయంత్రం ట్రాక్టరు ట్రాలీ మీద కూర్చుని కొట్టారు, పంది వీపు మీదనుంచి పోయింది. రెండో సాయంత్రమూ అంతే. కింద గురి పెడతానన్న మనిషికి, పంది స్కోపు అద్దంలో కనబడగానే ఏదీ గుర్తు లేదు. ఊళ్ళో వాళ్ళు మొహం మీదే అన్నారు, బాబూజీ తుపాకీ దీపావళికి బావుంటుందని. మూడో రోజు పొద్దున నేను వెళ్ళి ట్రాలీ నుంచి పంది వచ్చే గట్టు దాకా అడుగులేశాను. నా అడుగులు నూట నలభై. అంటే వంద గజాలు ఉంటే ఉంటుంది, అంతే. చెప్పాను. "రెండు వందలు మార్చేది లేదు సుభద్రా," అన్నారు.

మధ్యాహ్నం రొట్టె తిని పడుకున్నారు. తుపాకీ పేలకుండా దాని బోల్టు ఊడదీసి తలగడ కింద పెట్టుకున్నారు, రైఫిలు గోడకి ఆనించి ఉంది. స్కోపు మీద చిన్న మూత ఉంటుంది చూడు, అది తిప్పి తీస్తే లోపల బిళ్ళ. రూపాయి నాణెంతో తిప్పాలి, టిక్కుమంటూ తిరుగుతుంది, వంద గజాల దగ్గర నాలుగు టిక్కులకి తూటా ఒక అంగుళం జరుగుతుంది. రేంజిలో ఆయన చెయ్యడం చూసిందే. ఐదున్నర నాలుగులు ఇరవై రెండు. ఐదో తరగతి లెక్కే. కిందికి తిప్పుతూ లెక్కపెట్టాను. పద్నాలుగు దగ్గర ఆయన గురక ఆగింది. నా చెయ్యి కూడా ఆగింది. మళ్ళీ గురక మొదలయ్యాక పద్నాలుగా పదిహేనా అని ఎంత కొట్టుకున్నానో. లెక్క తప్పితే పంది దెబ్బ తిని మనుషుల మీదకొస్తుంది, లేదా ఆ పిల్ల లేచాక దాని ఎదుటే పడుతుంది. సాయంత్రం ఒక్క తూటా. అక్కడికక్కడే పడింది. పరుగున వచ్చి నాతో ఏమన్నారో తెలుసా, "చూశావా, రెండు వందలంటే ఇదీ," అన్నారు.

చెబుదామనే నోరు తెరిచాను. ఊరంతా ఆయన చుట్టూ ఉంది, ఆ పిల్ల మంచం మీద లేచి కూర్చుని ఏడుస్తోంది. ఇంటికొచ్చాక మళ్ళీ ఇరవై రెండూ పైకి తిప్పేశాను, రేంజికి వెళ్ళినప్పుడు అవమానం కాకూడదని. తర్వాత మూడుసార్లు వెళ్ళారు, మూడుసార్లూ నేనే దించడం, నేనే ఎక్కించడం. ఇంకొకసారి నాకు డెంగీ వచ్చి నేను వెళ్ళలేదు, ఆసారి గురి తప్పింది. నువ్వు రాకపోతే ఇంతే సుభద్రా అని నా మీద విసుక్కున్నారు. పైగా కనబడ్డవాళ్ళందరికీ సలహా, రెండు వందలకి పెట్టండని. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నువ్వొచ్చావు అదే పట్టుకుని. నీ తుపాకీ మీద ఎలాగూ మొదటినుంచి జీరో చెయ్యాల్సిందే కదా, చేలో ఎంత దూరంలో కొడతావో అడుగులేసి చూసుకో, అంతకే పెట్టుకో.

ఏమిటి, ఆ పేజీ కింద ఇంకో లైనుందా? పెన్సిల్‌తోనా. చదువు. ఇంగ్లీషులో కాదు, తెలుగులో చెప్పు.

"పొలానికి వెళితే ఇరవై రెండు కిందికి. సుభద్ర చూసుకుంటుంది."

అదేనా రాసింది? నా పేరే ఉందా? మళ్ళీ చూడు. తేదీ ఎప్పటిది? సోహ్నా వెళ్ళొచ్చిన నెలే.

పద్నాలుగు దగ్గర ఆగిన ఆ గురక...

టీ తాగు, చల్లారిపోతోంది.