ఎర్ర పట్టీ ఊడిన మిషను

1988 జూలై నాలుగున ఈ ఆసుపత్రిలో నర్సుగా చేరిన హెడ్‌నర్సుగారిని, సరిగ్గా ఇరవై రెండేళ్లకు, అదే తేదీన విచారణ గదిలో నిలబెట్టారు. డయాలసిస్ వార్డులో నలుగురికి కొత్తగా హెపటైటిస్-బి సోకినట్టు రక్తపరీక్షల్లో తేలింది.

"వార్డు మీ చేతిలో ఉంది. వైరస్ గాల్లోంచి ఊడిపడిందా?" అన్నారు సూపరింటెండెంటుగారు.

ఆ వైరస్‌తో ఆమెది పాత పగ. ఉద్యోగంలో చేరిన ఏడాదే, వాడిన సూది గుచ్చుకుని తోటి నర్సు కామెర్లతో కన్నుమూసింది. నాటి నుంచి వాడిన సూదికి ఆమె ఎవరినీ తిరిగి మూత పెట్టనివ్వలేదు. సిబ్బందిలో ఒక్కరినీ మూడు డోసుల టీకా తప్పించుకోనివ్వలేదు. మూడోదానికి మొహం చాటేసిన అంబులెన్స్ డ్రైవరు దగ్గర బండి తాళాలు లాక్కుని, "చెయ్యిస్తావా, నడిచి వెళ్తావా బాబాయ్?" అన్నారు. "నీకంటే ఆ వైరసే నయం తల్లీ!" అంటూ ఆయన చొక్కా చెయ్యి మడిచాడు. ఆనాటి నుంచి అందరికీ ఆమె 'మూడో సూదమ్మ'.

హెపటైటిస్-బి ఉన్నవారికి ఒక మిషను వేరుగా ఉంచి, దానికి ఎర్ర పట్టీ అంటించింది ఆమే. తల్లి ఆపరేషన్‌కు ఆమె సెలవు పెట్టిన వారంలోనే తనిఖీ వచ్చింది. గోడలకు రంగులేశారు, మిషన్లను అటూ ఇటూ జరిపారు. ఆమె తిరిగొచ్చేసరికి పట్టీ లేదు. వెంటనే కొత్తది అంటించారు గానీ, ఆలోపే ఆ మిషను మీద వేరే రోగులకు డయాలసిస్ జరిగిపోయింది.

"పట్టీ ఎవరు తీశారు?" అని ఆమె వార్డులో అందరినీ అడిగారు. ఒక్కరూ నోరు మెదపలేదు.

నివేదికలో 'నర్సింగ్ నిర్లక్ష్యం' అని రాశారు. ఆమెకు రావలసిన ప్రమోషన్ ఇక రాలేదు. ఆ నలుగురిలో ఒక దర్జీ చనిపోయాడు. "నిన్ను నమ్మే కదమ్మా పడుకోబెట్టాం" అని అతని భార్య వరండాలో నిలదీస్తే, ఆమె తల వంచుకుని నిలబడ్డారు.

మొన్న, ఆమె పదవీ విరమణ సభకు వేస్తున్న ఈ సంచికలో ఏం రాయమంటారని వార్డు టెక్నీషియన్ అడిగితే, "పొగడ్తలొద్దు తమ్ముడూ. ఆ పట్టీ సంగతి తేల్చు, చాలు" అన్నారు.

ఆమె ఆయురారోగ్యాలతో చిరకాలం ఉండాలి. ఆ కాలమంతా తలెత్తుకుని తిరగాలి. అందుకే సభలో అందరూ వినేలా చదువుతున్నాను. తనిఖీవాళ్ల కంటికి వార్డు శుభ్రంగా కనబడాలని పట్టీ తీయించింది నాటి సూపరింటెండెంటు, ఈ వేదిక మీద కూర్చున్న నేటి ముఖ్య అతిథిగారు.

గోటితో గీకి తీసిన టెక్నీషియన్ని నేను.