పొక్కుల మందు

వెల్డరు పని నుంచి వచ్చి, ఎప్పటిలాగే భార్య ముందు ముంజేయి చాపాడు. ఆమె మందు ట్యూబు మూత తీసింది గానీ, రాయలేదు.

“మళ్ళీ నిప్పురవ్వలేనా?”

“అవును. ఏడాదిగా చూస్తున్నావుగా, కొత్తగా అడుగుతావేం?”

“రవ్వలకు చదువొచ్చాండీ? నా పేరున్న పచ్చబొట్టు మీద తప్ప ఇంకెక్కడా పడవు.”

“వేళాకోళం ఆపు, మండుతోంది.”

“మీ చొక్కా జేబులో లేజరు ఆసుపత్రి చీటీ దొరికింది. ఇవాళ ఐదోసారట.”

అతను చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

“నల్ల అక్షరాలు పోయాయి. చుట్టూ ఉన్న ఆకుపచ్చ తీగే మొండిది. ఇంకో రెండుసార్లు కాల్చాలన్నారు.”

“ఎవరి కోసం?”

“నీ పేరు కనపడితే... ఆమెకు కష్టంగా ఉంటోందట.”

“నా పేరు చెరిపిన పుండ్లకు నా చేతే మందు రాయించుకున్నారా? నోటితో ఊదుతూ రాశానే!”

“నీ చెయ్యి చల్లగా ఉంటుంది మరి.”

ఆమె ఆ చేతిని కిటికీ వెలుతురుకు తిప్పింది.

“సిరాతో పాటు చర్మం రంగూ పోయింది. నా పేరు తెల్లగా తేలింది, చూశారా?”

“ఆ రంగు మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేమన్నారు.”

ఆమె మూత బిగించి, ట్యూబు అతని చేతిలో పెట్టింది.

“ఇకనుంచి ఆవిడనే రాయమనండి. రాస్తూ చదువుకుంటుంది.”