రేవు మీద కాఫీ

స్టాక్‌హోమ్ నుంచి వచ్చే పడవ ఆ చిన్న దీవి దగ్గర ఆగాలంటే రేవులో ఉన్న తెల్ల పలక పైకెత్తాలి. ఆ ఉదయం ఒకావిడ ఎత్తింది. పడవ ఆగాక, దాన్ని నడిపే గది కిటికీలోంచి ఆవిడ కూతురు తల బయటపెట్టింది.

"ఎక్కమ్మా, తొందరగా!"

"నేనెక్కడికీ రావడం లేదే."

"మరి పలకెందుకెత్తావు? ఇవాళే నా మొదటి రోజు. జనమంతా చూస్తున్నారు!"

"చూడనీ. రేవు అంచున నిండు కప్పు కాఫీ పెట్టాను. నువ్వు రేవుని గుద్దేస్తావన్నాడు మీ నాన్న. ముప్ఫై ఏళ్లు నడిపి, ఆయనొక్కసారీ తొణక్కుండా ఆపలేదు."

"ఇంత గాలిలో పరీక్షా? తొణికిందా?"

ఆవిడ వంగి కప్పు రెండు చేతులతో ఎత్తింది.

"చుక్క కూడా పడలేదు. ఇక వెళ్లు, కెప్టెనమ్మా. పడవల కొట్టం వెనక దాక్కుని చూస్తున్నాడుగా మీ నాన్న, ఈ కాఫీ ఆయన చేతే తాగిస్తాను."