ముగ్గురెక్కితే నిండిన జీపు

ఏటమ్మా రత్నా, పమిట మీద బేగు అడ్డెట్టుకుని కూకున్నావు? జాకెట్టు తడిసిపోనాదా? నాకాడ సిగ్గెందుకే, నలుగుర్ని కన్నదాన్ని. మళ్లీ డ్యూటీలో సేరి వారమే కదా. పాలు పిండి దాసుకుందికి మీ ఆఫీసులో ఓ గదైనా ఇవ్వనేదా? బాత్‌రూంలో పారబోసేసినావా! అయ్యో తల్లీ. ఈ టీ తాగు. ఇంకా నలుగురొస్తే గాని ఆ భాస్కరుగాడి జీపు కదల్దు. సోములుండుంటే నువ్విలా కూకోవు.

సోములెవుడంటే, ఈ జి.మాడుగుల స్టేండులోనే జీపు తోలీవోడు. పచ్చకామెర్లొచ్చి పోనాడు, శానా ఏళ్లయింది. ఒట్టి సిరాకు మనిషి. ఆడి మొకం సూస్తే సంటోళ్లు గుక్కెట్టీవోరు. నా కొట్లో టీకి పంచదార తక్కువైతే గళాసు అలాగే ఒదిలేసి ఎలిపోయీవోడు. అప్పుడు పంచదార కూడా ఇలా ఉండీది కాదులే, నల్లగా... ఆఁ, అదే సెప్తన్నాను.

సాహితని ఓ పంతులమ్మ నీలాగే సింతపల్లి నుండి ఒచ్చీది. బడి ఒదిలేక ఇక్కడే పడిగాపులు. జీపు లోపల నిండాల, ఎనక ఏలాడాల, అప్పుడు కదిలీది. ఓ రోజు సోములు ఇటొచ్చి, నేల సూపులు సూస్తా, "అమ్మా, ఆ పంతులమ్మకి ఇంటికాడ సంటిగుంటడున్నాడేటి?" అన్నాడు. ఆ పిల్ల గుండెలకి పుస్తకాలు అదుముకుని కూకునీది మరి. నానెల్లి అడిగితే బావురుమంది. "మా అత్తగారు గుడ్డ కట్టేసుకుని పాలు ఎండగట్టేమంటన్నారమ్మా. నువ్వొచ్చేసరికి సీకటి పడతాది, అందాకా గుంటణ్ని ఏడిపించనేను అంటన్నారు. నాకు మాన్పించాలని నేదు" అంది.

సోములికి సెప్పాను. మర్నాడు ఆ పిల్ల ఎక్కీసరికి జీపులో ముగ్గురే. స్టార్టు సేసీసినాడు. క్లీనరు "నిండనేదు గురువా!" అని లబలబలాడితే, "నిండిపోనాది, ఎక్కు" అన్నాడు. ఇంక రోజూ అదే. మిగతా డ్రైవర్లు ఊరుకుంతారేటి? లైను పాడుసేత్తన్నావని తగువెట్టుకుని పొద్దుట ట్రిప్పుల్లో ఈడి వంతు ఆకరికి తోసేసినారు. అయినా ఆ పిల్లెక్కే సాయంత్రం బండి ఆడు మాననేదు.

ఇంకో సిత్రం ఇను. ఆ పంతులమ్మే నాతో "ఈ సోములుకి బొత్తిగా ఓపిక లేదమ్మా, మనుషులెక్కకుండానే తీసేస్తాడు" అనీది! నాకు నవ్వాగీది కాదు. సెప్పేద్దునా అంటే, "సెప్పకమ్మా. తెలిస్తే సిగ్గుపడి రేపట్నుండి నా జీపెక్కదు" అన్నాడు. గుంటడు నడిసీదాకా పాలిచ్చింది. బదిలీ అయ్యి ఎల్లినప్పుడు నాకు సీర పెట్టింది. ఆడికి దండమైనా ఎట్టనేదు.

ఏటీ? నువ్వూ ఆదోరం నుండి డబ్బా పాలే పట్టేద్దామనుకున్నావా? ఆ గళాసిలా తే. లే.

ఒరే భాస్కరూ! ఏటి, నలుగురు రావాలా? నా కళ్లకి మసకేగాని మరీ గుడ్డిదాన్ని కాదురా. నిండిపోనాది. తియ్యి.