ఫ్యూజులో జరీ

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, బెంగుళూరు కబ్బన్‌పేటలో ఒక నేతగాళ్ళ ఇల్లు. రెండో మగ్గానికి దీపాలు కావాలంటే కొత్త బోర్డు బిగించడానికి వచ్చిన మిస్త్రీ, గోడమీది పాత చెక్కబోర్డు విప్పుతున్నాడు. ఇంటావిడ కండెలకు నూలు చుడుతూ చూస్తోంది.

"అమ్మా, ఈ ఫ్యూజులో తీగ ఎవురు కట్టినారు?"

"మా ఆయనే. యుద్ధంలో తీగ యాడ దొరికేది? ఏదో సంపాదించి కట్టినాడు. ఆ పొద్దునుంచి ఒక్కసారన్నా దీపం ఆరిపోలేదప్పా!"

"ఎట్ల ఆరిపోతాదమ్మా? ఇది ఫ్యూజు తీగ కాదు, జరీ. పది పోగులు పేనేసి కట్టినాడు. కరెంటు ఎచ్చయితే ముందు తెగాల్సింది ఇదే. ఇది తెగక, ఎనకాల వైరు మాడిపోయి ఉండాది, చూడు. రెండో మగ్గం దీపాలు కూడా దీనిమీదేసింటే ఇల్లే అంటుకునేది."

"దేవుడు సల్లగా చూసినాడు. ఏదీ, ఆ జరీ ఇట్లియ్యి."

"ఎందుకమ్మా? సగం నల్లగయిపోయింది."

"ఇంత సన్నం జరీ ఈ పేటలో ఎవురూ ఏయరప్పా. ఇది మా నాయన నేసిన నా పెండ్లిచీర కొంగులోది."

"అయ్యో!"

"పెట్టెలో ఆ కొంగుని ఎలక కొరికిందనుకుంటి. మూడేండ్లుగా దానికి బోను పెడతానే ఉండాను."

"నవ్వుతా ఉండావే అమ్మా! సరే, ఇంక కొత్త బోర్డు బిగించేదా?"

"ఉండప్పా, కాఫీ తాగు. మా ఇంటి ఎలక నూలు తెచ్చేదానికి పోయుండాది, ఇప్పుడొస్తాది. ఈ పాత బోర్డు ముందర నిలబెట్టి అడిగినాక బిగించు."