మైలేజీ మింగినోళ్లు

నరసన్నపేట దాటాక, పెళ్లికని కట్టిన పట్టుచీర ఆమె వీపుకి అతుక్కుపోయింది. మొగుడు అద్దాలు దింపి కారు తోలుతున్నాడు.

“ఏసీ ఎయ్యి బావా.”

“పెట్రోలు తాగేస్తాది. అసలే మైలేజీ పడిపోనాది, ఎందుకో తెలీదు.”

“టైర్లలో గాలి సూసినావా?”

“నిన్ననే కొట్టించినాను.”

“మరి డిక్కీలో ఏటా గణగణ?”

“నాన్న కాటా రాళ్లే. కొట్లోకి కరెంటు కాటా వచ్చినాక, దసరాకి పూజ సేసి అందులో ఎట్టినాను. ఆయన తోడున్నట్టుంటాది.”

“అన్నీనా?”

“అన్నీని. ఇంకో మనిషంత బరువుంటాయి.”

“నన్ను ఉడకబెడతన్నావు గానీ, ఆ బరువు తాగదేటి పెట్రోలు?”

“ఒసే, నాన్న సేతి రాళ్లే! కొట్లో ఒదిలీమంటావేటి?”

“మావయ్య రోజూ కొట్లోనే ఒదిలీసి సైకిలెక్కీవోరు, బావా.”

అతను అద్దాలెత్తి ఏసీ వేశాడు.