ఎర్ర రిమోట్

“గీ పాత రిమోట్లు పారేయ్ తమ్మీ. కంప్యూటర్‌కు కొత్తవే దొరుకుతయ్, నేనే ఇస్త.”

2013 ఎండాకాలం, సుచిత్రలో అజర్ రిపేరు దుకాణం. వెనకటి టీవీ వీడియోగేమ్ రిమోట్లు రెండు బల్ల మీద పెట్టి నిలబడ్డాడు బాలేష్. కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతున్నాడన్న మాటే గాని, వాటిని కంప్యూటర్‌కు కలపడం అతనికి చేతకాలేదు.

“కొత్తవి వద్దు అజర్ భాయ్. గివే గావాలె.”

“ఎందుకు?”

“ఊకెనే.”

“ఊకెనే ఎవలన్న సూరారం నుంచి గీ ఎండల వస్తరా? సరే, గీ డబ్బా సూడు. పాత పిన్నులు ఇటు, యూఎస్‌బీ అటు. ఎర్ర రిమోట్ నీదా?”

“నాది నల్లది. ఎర్రది మా చెల్లెది. సుస్మిత.”

“ఆమెను గూడ తోల్కరావద్దా? ఇద్దరు ఆడి సూసుకుందురు.”

“లేదు భాయ్.”

“కాలేజీకి పోయిందా?”

“లేదు... లేదు భాయ్. ఏడేండ్లయింది. జరమొచ్చి పోయింది. పదేండ్లది.”

“యా అల్లా. మాఫ్ జెయ్ తమ్మీ, నాకు ఎరక లేదు.”

“ఏం గాదు. నువ్వు పని జెయ్.”

“...ఇగో, ఆట పెట్టిన. రెండు ట్యాంకులు కొట్టుకునేది, గిదే గదా? నల్లది నడుస్తాంది. ఇగ ఎర్రది. ముందుకు, ఎనకకు... అరె, పేలింది! మస్తుగున్నది!”

“ఏం పేలింది?”

“గుండు.”

“పేలదు భాయ్. ఎర్రదాంట్ల గుండు పేలదు.”

“మళ్ల కొట్టిన, సూడు.”

“ఎట్ల పేల్తది? నేనే బంద్ జేసిన గదా!”

“నువ్వా?”

“బటన్ కింద అట్టముక్క పెట్టిన. మూడు దినాలు వరుసగ ఓడగొట్టింది నన్ను. దోస్తులంత నవ్విండ్రు. కోపమొచ్చింది. అప్పటి సంది ఒక్క ఆట గెలవలె అది. ‘పేల్తలేదన్నా’ అంటుండె. ‘నీకు ఆడొస్తలేదు’ అంటుంటి.”

“చిన్నతనం తమ్మీ. ఎవలు జెయ్యరు?”

“తర్వాత దవాఖానల పడ్డది. పది దినాలకు ఇంటికి తోల్కపొమ్మన్నరు. మంచంల పండి గూడ ఆడదామన్నది, ఆడినం. అప్పుడన్న తియ్యాలె గదా? ఏమనుకుంటదో అని తియ్యలె. మొన్న అమ్మ ఇల్లు సదురుతుంటే దొరికినయ్. విప్పుదామంటే చేతులాడలె. గా ముక్క నీతోని తీపిద్దామనే వచ్చిన.”

“ఆగు, విప్పుత... బటన్ కింద ఏం లేదు.”

“మంచిగ సూడు భాయ్. పెండ్లికార్డు ముక్క, పసుపు పచ్చగుంటది.”

“పసుపు పచ్చదా? ఉన్నది. మూత లోపల, మూలకు అంటించిండ్రు.”

“దేంతోని?”

“తెల్ల పట్టీ. సెలైన్ సూది కదలకుంట చేతికేస్తరే, గది. నువ్వు అంటించినవా?”

“నేను గాదు.”

“మరి?”

“గా పట్టీ... దవాఖాన నుంచి వచ్చిన దినమే పీకేసుకున్నది.”

“అంటే ఆమెకు దొరికింది తమ్మీ. తీసి, నీకు కనబడకుంట దాసింది. ఇంటికొచ్చినంక గూడ ఆడిండ్రంటివి గదా. ఎవలు గెలిచిండ్రు?”

“నేనే భాయ్. పన్నెండు దినాలు, అన్ని ఆటలు నేనే. ఆఖరి దినం గూడ నవ్వుకుంట ‘పేల్తలేదన్నా’ అన్నది.”